ఎదురు గోడ

మూడో దెబ్బ మోత సన్నబడి సన్నబడి గోడలోకి ఇంకిపోయేదాకా విని, ఇక నలభై నిమిషాలు ఈ గోడే లోకం అనుకుంటూ ఆనందం రెప్పలు సగానికి దించాడో లేదో, వెనక తలుపు కిర్రుమంది. ఎవరో వచ్చారు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగారు, మెట్లెక్కిన ఆయాసాన్ని ముక్కులోనే అదుముకున్నారు, ఆ తర్వాత ఒట్టి కాళ్లతో నాపరాళ్ల మీద మెల్లగా నడిచి వచ్చి, సరిగ్గా అతని ఎడమ పక్కన ఖాళీగా ఉన్న దిండు మీద కూర్చున్నారు. తల తిప్పకూడదు. ప్రసన్నలక్ష్మి గారి మేడ మీద ధ్యానానికి ఉన్న కట్టుబాటు అదొక్కటే. శనివారం పొద్దున ఏడింటికి కంచు గిన్నె మీద మూడు దెబ్బలు, ఏడూ నలభైకి ఒక్క దెబ్బ, ఆ నడుమ ఆకాశం ఊడిపడ్డా ముఖం గోడకే. ఆనందం తల తిప్పలేదు. మెడలో నరం మాత్రం గూటానికి కట్టిన మేకలా ఎడమ పక్కకు ఒకటే గుంజింది. వచ్చింది, అనుకున్నాడు. వినీల వచ్చింది. మూడేళ్లకు నా బిడ్డ నా పక్కకు వచ్చి కూర్చుంది.

ఒకటి. ఊపిరి బయటికి పోయేటప్పుడు ఒకటి అనుకోవాలి, తర్వాతి దానికి రెండు, పది దాకా పోయి మళ్లీ ఒకటి. ఏడో తరగతి సగంలో బడి మానేసినవాడికి కూడా పది దాకా వచ్చు గదా అని మొదట్లో నవ్వుకున్నాడు గానీ, ఏడాదిలో ఒక్కనాడైనా తప్పకుండా పదికి చేరింది లేదు. మూడు దగ్గర కారు బీమా గుర్తొస్తుంది, నాలుగు దగ్గర ఎవడో ఎప్పుడో అన్న మాట గుర్తొస్తుంది, ఐదు అసలు రాదు. ఇవాళ ఒకటి దగ్గరే మంగళవారం వచ్చి నిలబడింది. విమానాశ్రయం పార్కింగులో కార్ల వరుసలో తన నంబరు కోసం కూర్చుని, ఎవరూ వినకుండా అద్దాలెక్కించుకుని, ఫోను పెదాల దగ్గర పెట్టుకుని మాట్లాడాడు. "వినీలా, శనివారం పొద్దుగాల ఏడింటికి నేను మన తొండుపల్లిల మేడం ఇంటి మీద కూసుంట. నీకు తీరితే రా. మాట్లాడే పని లేదు, ఈడ ఎవ్వరు మాట్లాడరు. పక్కకు కూసుంటే చాలు." పంపేశాక, పంపింది వెనక్కి లాగే ఉపాయం ఉంటుందని తెలుసు గానీ అది ఎట్లాగో తెలియక, ఫోను పక్క సీటు మీదికి విసిరేశాడు. జవాబు పొద్దుగూకినాక వచ్చింది. "చూస్త బాపు." రెండే మాటలు. వాటిని ఎన్నిసార్లు పెట్టుకుని విన్నాడో. బాపు అన్న మాట దగ్గర గొంతు కొంచెం దిగింది, అంటే వస్తుంది. చూస్త అన్న మాట దగ్గర ఏదో పని చేసుకుంటూ అన్నట్టుంది, అంటే రాదు. తెలుగులో ఇంత దొంగ మాట ఇంకొకటి లేదు. పని అడిగితే సేటు చూస్తా అంటాడు, పిల్ల నచ్చనివాళ్లు చూస్తాం అంటారు, ఓట్లడిగినవాడు గెలిచాక చూద్దాం అంటాడు. ఆ మాట అన్నవాడెవడూ తర్వాత ఇటు చూసిన పాపాన పోలేదు. కానీ బిడ్డ చూసింది. వచ్చింది.

పైన విమానం లేచింది. చిన్నది. బెంగళూరుకో మద్రాసుకో అయి ఉంటుంది. కిటికీ అద్దం సన్నగా వణికి ఆగింది. పక్కన మనిషి కూడా ఆ చప్పుడుకు ఊపిరి పట్టి, మళ్లీ వదిలింది. తొండుపల్లిలో పుట్టిన పిల్ల విమానానికి ఉలిక్కిపడుతుందా? బడంగ్‌పేట్‌లో కాపురం పెట్టి మూడేళ్లయింది, అలవాటు తప్పి ఉంటుంది. మూడేళ్లు చాలు మనిషికి దేని అలవాటైనా తప్పడానికి, నాయన అలవాటుతో సహా.

ఈ మేడ మీదికి తాను ఎట్లా వచ్చాడో తలుచుకుంటే ఆనందానికే వింత. నిరుడు వానాకాలంలో ప్రసన్నలక్ష్మి గారిని విమానం దగ్గర ఎక్కించుకున్నాడు. కాకినాడలో టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, అరవై ఎనిమిదేళ్లు, తెల్ల చీర, ఒళ్లో చంటిపిల్లలా పట్టుకున్న గుడ్డమూట. మూటలో ఏముందని అడిగితే గిన్నె అంది. ఇంటికి చేరేసరికి కుండపోత, బండి కదిలే దారి లేదు. "కారులో ఎందుకండీ, పైకి రండి, కాసేపు కూర్చుందురుగాని. జెన్ అంటారు దీన్ని," అంది. "జైనులోళ్లదా మేడం?" అన్నాడు. "కాదండి, జెన్. జపాను వాళ్ల ధ్యానం." ఏదైతేనేం, కిరాయి లేనప్పుడు కూర్చోవడం తన కులవృత్తే అనుకుని పైకి ఎక్కాడు. కూర్చోబోయే ముందు, లోకం తనను ఎన్నిసార్లు మోసం చేసిందో తెలిసిన మనిషి గనక, ముందే బేరం మాట్లాడుకుందామని అడిగాడు.

"గిట్ల కూసుంటే ఏమొస్తది మేడం?"

"కాళ్లు తిమ్మిరెక్కుతాయండి."

"ఇంకేం రాదా?"

"రాదు. వస్తుందని ఎదురు చూడకండి," అని గోడ చూపించింది.

ఆనందం పుట్టిన ఊళ్లో రానిదాని కోసం చేసే పనిని తొవ్వ చూసుడు అంటారు. చర్చిలో పాస్టరు అయితే కనిపెట్టుకొని ఉండండి అంటాడు. గోడ చూపించి ఎదురు చూడకండి అంటే, ఎదురుగా ఉన్న గోడను చూడొద్దు కాబోలు, అదే వీళ్ల మడి కాబోలు అనుకున్నాడు. దిండును తిప్పి వేసుకుని, గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆరు వారాలు. మిగిలిన నలుగురూ గోడలకు ముఖాలు పెట్టుకుని కూర్చుంటే, తాను ఒక్కడే వాళ్ల వీపులు చూస్తూ, వీళ్లందరూ చేస్తున్న తప్పును పెద్దామె ఎందుకు దిద్దడం లేదా అని జాలి కూడా పడ్డాడు. ఆమె ఒక్క మాట అనలేదు. ఏడో వారం అతనే అడిగితే, విషయం అర్థమై, దగ్గు వచ్చేదాకా నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఎటు తిరిగి కూర్చున్నా ఫరవాలేదండి. చూడొద్దన్నది గోడని కాదు." ఇంటికొచ్చి చెబితే మరియమ్మ కూర గిన్నె దించి మరీ నవ్వింది. మరియమ్మది ఎప్పుడూ ఒకటే పాట. "కోడి ఇరవై ఒక్కరోజు పొదిగితే పిల్లలన్న అయితయి. నువ్వు నెలలకు నెలలు పొదుగుతున్నవ్, ఏదయ్యా గుడ్డు?" ఇంకోనాడు పక్కింటామెతో, అతనికి వినపడేటట్టే, "లోకమంత ఆనందం కావాలని కండ్లు మూసుకుంటదంట అక్కా. నాకు ఇరవై తొమ్మిదేండ్లసంది ఇంట్లనే ఉండె ఆనందం, ఏం జేసుకుంటి?" అంది. పాస్టరుకు తెలిస్తే ఏమంటాడో అని మొదట్లో భయపడిందీ ఆమే, తర్వాత పాస్టరు అడిగితే మోకాళ్ల నొప్పులకు ఏదో వ్యాయామం అని అబద్ధం చెప్పిందీ ఆమే.

వ్యాయామం అంటే గుర్తొచ్చింది, ఇందాక కూర్చునేటప్పుడు పక్కన మోకాలు టక్కుమంది. చిన్న ఎండుపుల్ల విరిగినట్టు. ఇరవై ఏడేళ్ల పిల్లకు మోకాలు చప్పుడు చేయడమేంది? కొత్తూరు ఫ్యాక్టరీలో మందు సీసాలు కదిలే పట్టా పక్కన ఎనిమిది గంటలు నిలబడాలని మరియమ్మ ఎప్పుడో అంటే వినీ విననట్టు ఊరుకున్నాడు. నిలబడీ నిలబడీ మోకాళ్లు పోగొట్టుకుంది. నొప్పుల మందు వాసన కూడా వస్తోంది, పచ్చగా, ఘాటుగా, ఇంట్లో మరియమ్మ పడుకునే ముందు పట్టించుకునేదే. తల్లే చెప్పి ఉంటుంది ఫలానాది రాసుకో బిడ్డా అని. తల్లీ కూతుళ్లు రోజూ మాట్లాడుకుంటారు, అతను ఇంట్లోకి రాగానే ఫోను పెట్టేస్తారు. మరియమ్మ కాదు గదా అన్న అనుమానం పొగలా వచ్చింది గానీ వెంటనే పోయింది. మరియమ్మ నడిస్తే రెండు చేతుల డజను గాజులు ముందు నడుస్తాయి, ఆమె వెనక వస్తుంది. ఇక్కడ గాజుల చప్పుడే లేదు. ఫ్యాక్టరీలో గాజులు వేసుకోనివ్వరు. వినీల చేతులు బోసిగా ఉంటాయి. బోసి చేతుల పిల్ల, మోకాళ్లు అరిగిన పిల్ల. అయ్యో బిడ్డా, అనుకున్నాడు, చెప్పకపోతివి.

రెండు. ఎదురుగా గోడ. సున్నం వేసిన గోడలో, కనుచూపుకు కొంచెం కింద, మేకు ఊడిన బొక్క. ఏడాదిగా ఆ బొక్క అతనికి తెలుసు, తన అరచేతి మచ్చకన్నా ఎక్కువ తెలుసు. గోడలకు చెవులుంటాయంటారు గానీ ఈ గోడకు అవి కూడా లేవు. ఎన్ని చెప్పుకున్నాడు దీనికి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పుకున్నది కౌంటరు సంగతి. పన్నెండేళ్ల వయసులో ద్రాక్షతోటల్లో మందు కొట్టే పంపు వీపున మోసినవాడు, తోటలు పోయి రోడ్లు వచ్చాక స్టీరింగు పట్టినవాడు, విమానాశ్రయం అద్దాల తలుపు ముందు ఇప్పటికి ఎన్ని వేలమందిని దించాడో లెక్కలేదు, కానీ ఆ తలుపు దాటి లోపల కాలు పెట్టింది లేదు. లోపలికి టికెట్ ఉన్నవాళ్లే పోవాలి, లేదా అక్కడ పనిచేసేవాళ్లు పోవాలి. బిడ్డ పనిచేయాలి. మెడకు చిన్న రుమాలు ముడివేసుకుని, జుట్టు నున్నగా దువ్వి ముడిపెట్టుకుని, కౌంటరు వెనక నిలబడాలి. ఒకనాడు డ్యూటీ దిగి అద్దాల తలుపు తెరుచుకుని బయటికొచ్చి, వరుసలో నిలబడ్డ డ్రైవర్లందరి ముందు, బాపూ, అని పిలవాలి. అంతే. అంతకన్నా ఏమీ అడగలేదు ఆనందం లోకాన్ని. శంషాబాద్‌లో శిక్షణలో చేర్చాడు, పొద్దున దించి సాయంత్రం ఎక్కించుకున్నాడు, ఆ తలుపు చూపించి, రేపు నువ్వు ఆడ ఉంటవ్, అన్నాడు. పిల్ల కిటికీలోంచి ఆ తలుపునే చూసేది. అది మురిపెంతో చూస్తోందని తాను అనుకున్నాడు. ఏమనుకుంటోందని ఒక్కనాడైనా అడగలేదు.

వరుసలో అందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోకుండా ఉంటే బాగుండేది. ఘియాసుద్దీన్ ఇరవై ఏళ్ల దోస్తు, నోరు మాత్రం కత్తెర. "నీ బిడ్డ కౌంటర్ల కూసుంటే మాకు జర ఏసీల నిలబడే జాగ ఇప్పిస్తదా ఆనందం భాయ్?" అని ముందే అర్జీ పెట్టుకున్నాడు. తీరా పిలుపొచ్చినాక వినీల పోలేదు. కొత్తూరు మందుల ఫ్యాక్టరీలో చేరింది. సీసాలు పరీక్షించే పని, నాకు నచ్చింది బాపు, నవ్వు ముఖం పెట్టుకుని నిలబడే పని నాకొద్దు, అంది. అంతే. పన్నెండేళ్ల వయసు నుంచి మోసిన పంపు అప్పుడు దిగింది వీపు మీంచి, దిగి నేల మీద పగిలింది. ఘియాసుద్దీన్ ఒకటి రెండుసార్లు, "ఏమాయె భాయ్ కౌంటరు?" అన్నాడు, మూడోసారి ఇతని ముఖం చూసి అడగడం మానేశాడు. తర్వాతొకనాడు, నంబరు ఎంతకీ రాక ఆనందం స్టీరింగు మీద గుద్దుతుంటే, కిటికీ దగ్గరకొచ్చి, "నువ్వు తొవ్వ చూసినా నంబరు నంబరు లెక్కనే వస్తది, చూడకున్నా గట్లనే వస్తది. నడుమ ఎందుకు భాయ్ పరేషాన్? కడుపుల మంట ఒక్కటే మనది," అన్నాడు. పెద్ద చెప్పొచ్చాడు, అనుకున్నాడు అప్పుడు.

కాళ్లల్లో తిమ్మిరి మొదలైంది. ముందు కుడి మడమ దగ్గర చీమలు, తర్వాత పిక్కలోకి. ఎంతసేపైందో. పదిహేను నిమిషాలా, ఇరవయ్యా. పక్కన మనిషి కదులుతోంది, బట్ట గరగరలాడుతోంది. గంజి పెట్టిన చీర. వినీల చీర కట్టుకుని వచ్చిందా? నాయన కోసం కట్టుకుంది. రేపు ఆదివారం చర్చికి కట్టాల్సింది ఇవాళే కట్టింది. గంట కొట్టగానే ఏమనాలి? మొదట ఏం మాట్లాడొద్దు, కింద దాకా రానిచ్చి, తిన్నవా బిడ్డా, అనాలి. కాదు, తప్పు నాదే అనాలి. తప్పు నాది అంటే, కాదు బాపు నాది కూడా ఉన్నది, అంటుంది. అనాలి. అనకపోతే? అట్లా కాదు, ముందు దాన్నే అననిచ్చి... అక్కడ ఆనందం తనను తాను పట్టుకున్నాడు, జేబులో చెయ్యి పెట్టిన దొంగను పట్టుకున్నట్టు. వచ్చి అరగంట కాలేదు, అప్పుడే దాని నోట్లో మాటలు పెడుతున్నాడు. అప్పుడు మెడకు రుమాలు కట్టాడు, ఇప్పుడు నోటికి మాటలు కడుతున్నాడు.

ఫ్యాక్టరీ బస్సు ఆగే చోటు గుర్తొచ్చింది. ఎప్పుడూ పక్కకు నెట్టే సంగతి, ఇవాళ నెట్టడానికి చోటు లేదు, ఎదుట గోడ. వినీల పనిలో చేరాక అతను మాట్లాడడం మానేశాడు, కానీ సాయంత్రాలు కిరాయిలు వదులుకుని మరీ కొత్తూరు పోయి, ఆ బస్సు ఆగే చోటికి ఎదురుగా కారు పెట్టుకుని కూర్చునేవాడు. దిగడు, పిలవడు, ఎక్కమనడు. చూస్తాడు. పిల్ల గేటు దాటి రాగానే తన కారు కనపడాలి, తాను ఎంత కాలిపోతున్నాడో దానికి తెలియాలి. నెలన్నర అట్లా చేశాడు. అది కోపమని అప్పుడు తెలియదు, ప్రేమ అనుకున్నాడు. ఒకనాడు వినీల రోడ్డు దాటి వచ్చి అద్దం మీద వేలితో కొట్టింది. "బాపు, మాట్లాడేదుంటే మాట్లాడు. లేకుంటే ఇంటికి పో. గిట్ల నా తొవ్వ చూడకు. నువ్వు తొవ్వ చూస్తుంటే నాకు అడుగు ముందల పడ్తలేదు." అద్దం ఎక్కించుకుని బండి తిప్పాడు. ఎంత మాటంది, అనుకున్నాడు, బిడ్డ తొవ్వ నాయన చూడకపోతే ఇంకెవడు చూస్తాడు.

నా తొవ్వ చూడకు. ఎదురు చూడకండి.

ఆనందం గోడలోని బొక్కను చూస్తూ ఉండిపోయాడు. రెండూ ఒకటే మాట. కాకినాడామె కాకినాడ మాటలో చెప్పింది, బిడ్డ ఇంటి మాటలో చెప్పింది. కాకినాడ మాట అర్థం కాక ఆరు వారాలు తప్పు దిక్కుకు కూర్చున్నాడు, అందరూ నవ్వారు, తానూ నవ్వాడు. తల్లి పాలతో వచ్చిన మాట అర్థం కాక ఎన్నాళ్లు తప్పు దిక్కుకు కూర్చున్నాడో, దానికి ఎవ్వరూ నవ్వలేదు.

ఆ వెనకనే పెళ్లి వచ్చింది, పిలవకుండానే. ఫ్యాక్టరీలో తోటి పనివాడు నవీన్‌కుమార్‌తో, శంషాబాద్ చర్చిలో. పిల్లవాడు మంచివాడే, ఆ సంగతి తనకూ తెలుసు. ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్లాడు ఆనందం, కానీ రోడ్డుకు ఇవతల పంక్చర్ దుకాణం ముందు కారు ఆపి, మరియమ్మను దించి, తాను దిగలేదు. అది వచ్చి పిలిస్తే పోతా, అనుకున్నాడు. చెయ్యి పట్టుకుని బిడ్డను లోపలికి నడిపించాల్సింది నాయన, కాబట్టి వచ్చి పిలుస్తుంది, ఎట్లా పిలవదు. వినీల తెల్లచీర కట్టుకుని, చేతిలో పూలు పట్టుకుని చర్చి తలుపు దగ్గర నిలబడింది. రోడ్డు వైపు తిరిగి నిలబడింది. కారు అద్దంలోంచి అతనికి బాగా కనపడుతోంది. పది నిమిషాలు నిలబడింది, పాస్టరు బయటికొచ్చి గడియారం చూసుకున్నాడు, ఇంకో ఐదు నిమిషాలు నిలబడింది. ఆఖరుకు మేనమామ ఇమ్మాన్యుయేల్ చెయ్యి ఇచ్చాడు. నాలుగడుగుల రోడ్డు దాటి నాయనను పిలవలేకపోయింది అని మూడేళ్లుగా ఈ గోడకూ ఆ గోడకూ చెప్పుకున్నాడు. ఎండ కంట్లో పడుతుంటే పూలు అడ్డం పెట్టుకుని రోడ్డు వైపే ఎందుకు చూసిందో ఇవాళ దాకా తోచలేదు. తొవ్వ చూసింది. వీడు దాని తొవ్వ చూస్తూ కారులో, అది వీడి తొవ్వ చూస్తూ ఎండలో. ఇద్దరూ ఇద్దరే.

ముక్కు పక్కన ఏదో జారింది. తుడుచుకోలేదు, చెయ్యి కదిలించకూడదు గనక. చేతులు ఒళ్లో ఒకదాని మీద ఒకటి, బొటనవేళ్లు ఆనీ ఆనకుండా. తిమ్మిరి తొడ దాకా వచ్చి, కాళ్లు ఎవరివో అయ్యాయి. పైన ఇంకో విమానం, పెద్దది, బరువుగా. పక్కన మనిషి ఊపిరి తీస్తోంది. ఇందాకటి ఆయాసం పోయింది, నెమ్మదిగా తీస్తోంది. పాపం ఆ మనిషి. వచ్చి ఊరికే కూర్చున్నందుకు దాని మీద ఎన్ని మూటలు వేశాడు, చీర వేశాడు, మోకాళ్లు వేశాడు, క్షమాపణ కూడా వేశాడు. ఎవరైతేనేం, అనుకున్నాడు. వినీల అయితే వినీల. కాకపోతే ఇంకెవరో, బతికున్న మనిషే గదా. ఒక మనిషి పక్కన ఊపిరి తీస్తోంది, తానూ తీస్తున్నాడు, ముందు సున్నం గోడ, అందులో బొక్క. కాసేపు అంతే ఉంది. మూడు, నాలుగు, ఐదు. ఐదు వచ్చింది. ఆరు. అంతలోనే లోపల ఎవడో, చూసినవా, వదిలేసినవ్ గదా, ఇట్లా వదిలేసినవానికి దేవుడు తప్పకుండా వినీలనే ఇస్తాడు, అన్నాడు. ఆనందానికి నవ్వొచ్చింది. వదిలేయడానికి కూడా కూలీ అడిగే జాతి తనది. నవ్వు పెదాల దాకా వచ్చి, అక్కడ నిలవకుండా పోయింది. మళ్లీ ఒకటి.

కంచు గిన్నె మోగింది.

మోత పూర్తిగా పోయేదాకా ఉండి, చేతులు జోడించి గోడకు దండం పెట్టి, తల ఎడమకు తిప్పాడు.

మరియమ్మ.

ఆదివారం చీర కట్టుకుని కూర్చుంది. గోడకు వీపు పెట్టి, ముఖం అతని వైపు తిప్పి. చేతులు బోసిగా ఉన్నాయి, ఒళ్లో గుడ్డసంచి. మిగిలినవాళ్లు దిండ్లు సర్దుకుని మెట్లు దిగుతున్నారు. ప్రసన్నలక్ష్మి గారు ఇద్దరినీ ఒకసారి చూసి, గిన్నె గుడ్డలో చుట్టుకుని, కిందికి పోయింది.

"అది రాలే," అంది మరియమ్మ.

ఆనందం తలూపాడు.

"నువ్వు ఇటొచ్చినాక ఫోన్ చేసింది. పొద్దుగాల్నే డ్యూటీకి రమ్మన్నరంట. నిజంగ రమ్మన్నరో, రాలేక గట్ల అన్నదో, నాకైతే ఎరుక లేదు. బాపు ఆడ ఏం జేస్తడమ్మా అని అడిగింది. నాకేం తెల్సు, గోడకాడ కూసుంటడంట అన్న. ఏడాదిసంది పోతుంటే నీకు గంత కూడ తెల్వదా, పోయి చూసి చెప్పు అన్నది."

"గాజులేవి?"

"సంచిల ఏసుకున్న. నీ గోడకు చప్పుడైతదని." సంచి కదిలించింది, గలగలమంది. "ఎటు కూసోవాల్నో తెల్వలే. నువ్వు గోడ చూస్తున్నవ్, నేను నిన్ను చూసిన. ఇరవై తొమ్మిదేండ్లల్ల గింత సేపు నిన్నెప్పుడు చూడలే. చెవుల పక్కన వెంటికలు మొత్తం తెల్లగైనయి నీకు."

"ఏం చెప్తవ్ దానికి?"

మరియమ్మ అతని దిండు పక్కకు వంగి, కిందికి తొంగి చూసింది.

"గుడ్డయితే ఏం లేదని చెప్త," అంది. తర్వాత గొంతు తగ్గించి, "పక్కకొచ్చి మనిషి కూసున్నా తలకాయ తిప్పలేదని చెప్త. నడుమల ఒక్కసారి ఏడ్చిండని చెప్త. జర నవ్విండని కూడ చెప్త. ఇంకేం చెప్పాలె?"

మళ్లీ ఎప్పుడొస్తదంట అన్న మాట ఆనందం నాలుక మీదికి వచ్చింది. అక్కడ కాసేపు ఉంది. వెళ్లిపోయింది.

మరియమ్మ లేవబోయి, నేలకు చెయ్యి ఆనించింది. మోకాలు టక్కుమంది. ఇందాక విన్న చప్పుడే. నొప్పుల మందు వాసన గుప్పున వచ్చింది. ఈ మోకాలికే గదా ఇందాక లోపల అయ్యో బిడ్డా అని కరిగిపోయింది. ఇంట్లో రోజూ టక్కుమంటుంటే ఒక్కనాడు విన్నాడా.

"లేవొస్తలేదు," అంది మరియమ్మ. "కాళ్లల్ల చీమలు పాకుతున్నయి."

"ఈడ వచ్చేది గదొక్కటే," అన్నాడు ఆనందం. "లేవకు. జర సేపు గట్లనే కూసో, పోతది."

"ఎంతసేపు?"

"ఏమో."

ఆమె కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆనందం తన దిండును గోడ దగ్గర నుంచి లాగి, తిప్పి వేసుకుని, ఆమెకు ఎదురుగా కూర్చుని, చూశాడు.